స్వాగత సభకు వచ్చినవాళ్ళు

ఆసుపత్రి మిత్రమండలిలో చేరబోయే కొత్త సభ్యులకు స్వాగతం చెప్పాలని పెట్టిన సభకు నలభై కుర్చీలు వేశారు. వచ్చింది ఒకే ఒక్క మనిషి. అతను కూడా ఎక్స్‌రే గది ఎక్కడో తెలియక ఆ తలుపు తోశాడు.

"రండి రండి, లోపలికి రండి," అంటూ మండలి అధ్యక్షురాలు లేచి ఎదురెళ్ళేసరికి, పాపం ఆ పెద్దమనిషి వెనక్కి తిరిగే దారిలేక ముందు వరసలో కూర్చున్నాడు. ఒళ్ళో రిపోర్టుల కవరు పెట్టుకుని స్వాగతోపన్యాసం మొదటినుంచి చివరిదాకా విన్నాడు. ఇచ్చిన టీ తాగాడు. బిస్కెట్లు మొహమాటానికి రెండే తిన్నాడు. అంతా అయ్యాక మెల్లగా, "ఎక్స్‌రే కింద అంతస్తులోనా అండీ?" అని అడిగాడు.

అడిగింది మండలి కార్యదర్శిని. ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఊళ్ళో అందరూ ఆపరేటరమ్మ అంటారు. ఆమె అతన్ని మెట్లదాకా తీసుకెళ్ళి, దిగి ఎడమవైపు తిరగమని చెప్పి వెనక్కి వచ్చింది. గదిలో హెడ్‌మిస్ట్రెస్ గారు కాగితాలు మడుచుకుంటున్నారు. అధ్యక్షురాలు ఆవిడే. బాలికల హైస్కూలుకి హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి పదహారేళ్ళయినా ఆ పిలుపు ఆవిడని వదల్లేదు.

"ఒక్కరొచ్చినా వచ్చినట్టే," అన్నారావిడ.

రిటైర్డ్ పోస్ట్‌మాస్టరు ఒక్కో కుర్చీ మడిచి గోడకి ఆనిస్తున్నాడు. కుట్లూ అల్లికలూ చేసే అక్కాచెల్లెళ్ళిద్దరూ మిగిలిన బిస్కెట్లు డబ్బాలో సర్దుతున్నారు. ఆ గది ఆసుపత్రి దుప్పట్ల స్టోరు పక్కనే ఉంటుంది. ఎప్పుడూ ఉడికిన గుడ్డల వాసన, తేమ. గోడమీద మండలి పెట్టిన కొత్తలో తీయించుకున్న ఫోటో ఉంది. అందులో ముప్ఫై నలుగురు. ఇప్పుడు మిగిలింది ఆరుగురు. ఆరో ఆయన తుంటి విరిగి ఏడాదిగా మంచంమీదే ఉన్నాడు కాబట్టి లెక్కకే ఆరుగురు.

ఇరవై ఆరేళ్ళుగా ఆ మండలి చేసే పని ఒకటే. దుకాణం దుకాణానికీ తిరిగి చందాలడగడం, పాత పుస్తకాలూ అల్లిన టోపీలూ అమ్మడం, వచ్చినదానితో ఆసుపత్రికి అవసరమైనది కొనివ్వడం. పసిపిల్లల్ని తూచే కాటా, మంచినీళ్ళ యంత్రం, చక్రాల కుర్చీలు అలా వచ్చినవే. అడిగే మనుషులు తగ్గేకొద్దీ ఇచ్చేవాళ్ళూ తగ్గారు. కొత్త రక్తం ఎక్కిస్తే తప్ప లాభం లేదని హెడ్‌మిస్ట్రెస్ గారు తేల్చారు. కరపత్రాలు వేయించారు, నలభై కుర్చీలు వేయించారు.

"వచ్చే నెల మళ్ళీ పెడదాం," అన్నారు ఇప్పుడు. "ఈ లోపల తలా ఇద్దరిని తీసుకురావాలి. కరపత్రం చూసి ఎవరూ రారు. మనిషి వెళ్ళి పిలవాలి."

మనిషి అంటే ఎవరో ఆపరేటరమ్మకి తెలుసు. పోస్ట్‌మాస్టరుకి మెట్లెక్కితే ఆయాసం. అక్కాచెల్లెళ్ళకి కొత్తవాళ్ళతో మాట పెగలదు. హెడ్‌మిస్ట్రెస్ గారు వెళితే, అవతలివాళ్ళు పాఠం అప్పజెప్పమంటారేమోనన్నట్టు బిగుసుకుపోతారు. ఇంక మిగిలిందెవరు?

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి వేణ్ణీళ్ళ బేసిన్‌లో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. భర్త పోయాక చెల్లెలూ ఆమే కలిసి ఉంటున్నారు. చెల్లెలు టైలరింగు చేస్తుంది. మిషను దగ్గరనుంచి తల ఎత్తకుండానే మొదలెట్టింది.

"ఎంతమంది వచ్చారు?"

"ఒకతను."

"చేరాడా?"

"ఎక్స్‌రేకి వెళ్ళాడు."

చెల్లెలు నవ్వబోయి అక్క మొహం చూసి మానుకుంది. "అక్కా, నీకు వాళ్ళు జీతమిస్తున్నారా, బత్తెమిస్తున్నారా? ఎందుకొచ్చిన తిప్పలు? మానేయరాదూ?"

"మానేస్తే ఎవరు చేస్తారే?"

"ఎవరూ చెయ్యకపోతే ఏమవుతుంది?"

ఆ ప్రశ్న ఆపరేటరమ్మ కూడా ఈ మధ్య తనకి తాను వేసుకుంటోంది. నీళ్ళు చల్లారేదాకా అలాగే కూర్చుని, కాళ్ళు తుడుచుకుని పడుకుంది.

మర్నాటినుంచి తిరుగుడు మొదలైంది. చేతిసంచిలో ముప్ఫై దరఖాస్తు ఫారాలు పెట్టుకుంది. మొదట కళ్ళద్దాల షాపుకి వెళ్ళింది. షాపాయన కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, అంతా విని, "మా ఆవిడని అడిగి చెప్తానండీ," అన్నాడు. పక్క గదిలోంచి వాళ్ళావిడ, "నన్నడగక్కర్లేదు, ఆయన్నే చేర్చుకోండి, ఆదివారాలు ఇంట్లో ప్రశాంతంగా ఉంటుంది," అంది. ఆయన నవ్వేసి ఫారం సొరుగులో పడేశాడు. ఆ సొరుగులోంచి అది మళ్ళీ బయటికి రాదని ఆమెకి అప్పుడే అర్థమైంది.

రిటైరైన ఇంజినీరు ఒకాయన ఫారం అటూ ఇటూ తిప్పి చూసి, "నాకు ఏ పదవి ఇస్తారు?" అని అడిగాడు. సభ్యుడంటే ఆయన మొహం ముడుచుకుపోయింది. కనీసం ఉపాధ్యక్షుడైనా అయితే ఆలోచిస్తానన్నాడు. బ్యాంకులో పనిచేసే అమ్మాయి ఎంతో మర్యాదగా, తను ఇప్పటికే మూడు సంఘాల్లో ఉన్నాననీ, ఏ ఒక్కదానికీ వెళ్ళడం లేదనీ, కాబట్టి నాలుగోదానికి అన్యాయం చెయ్యలేననీ చెప్పింది. ఆ మాట నిజాయితీగా ఉందని ఆపరేటరమ్మ సంతోషించింది కూడా. కొత్త అపార్ట్‌మెంట్లలో కాపలా మనిషి లోపలికే పోనివ్వలేదు. ఇంటర్‌కమ్‌లో మాట్లాడమన్నాడు. ఎవరో మగగొంతు, "చందానా? పోయిన నెల ఇచ్చాం," అంది. చందా కాదు, సభ్యత్వం అనేలోపే పెట్టేశారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊరందరి ఫోన్లూ కలిపిన మనిషి ఆ ఇంటర్‌కమ్ డబ్బా ముందు కాసేపు అలాగే నిలబడిపోయింది.

ఎనిమిది రోజుల్లో ఎవరూ ఠక్కున కాదనలేదు. అదే ఆమెకి ఎక్కువ అలసట తెచ్చింది. నీళ్ళు నమిలేవాళ్ళు కొందరు, చూద్దామనేవాళ్ళు కొందరు, వీధి మలుపులో ఆమెని చూడగానే ఫోను చెవికి ఆనించుకునేవాళ్ళు ఇంకొందరు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆమె బస్సెక్కి కిటికీ పక్కన కూలబడింది. హెడ్‌సెట్ పెట్టుకుని పెట్టుకుని ఎడమ చెవి సగం మొద్దుబారింది కాబట్టి కండక్టరు టికెట్టడిగింది మొదటిసారి వినపడలేదు.

"అమ్మా, మిమ్మల్నే. ఎక్కడికి?"

"ఆసుపత్రి స్టాపు," అంటూ సంచి తెరిచేసరికి ఫారాలన్నీ కాళ్ళ దగ్గర పడ్డాయి. కండక్టరు వంగి ఏరింది. నలభై అయిదేళ్ళుంటాయేమో. గట్టి చేతులు, ఇంకా గట్టి గొంతు. ఏరుతూ ఏరుతూ ఒకటి చదివింది.

"మిత్రమండలి అంటే మీరేనా? గురువారాలు తోపుడు బండిమీద పుస్తకాలు తెచ్చేవాళ్ళు?"

"మేమే."

"మా ఆయన నాలుగు నెలలు అక్కడే ఉన్నాడు. మీ పుస్తకాలే చదివేవాడు. అన్నీ డిటెక్టివ్ నవలలు, ఒక్కదానికీ చివరి పేజీలు ఉండేవి కావు. హంతకుడెవరో నువ్వే చెప్పవే అని నన్ను పీక్కుతినేవాడు. నేను ప్రతిసారీ డాక్టరే అని చెప్పేదాన్ని."

ఆపరేటరమ్మకి నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు. తర్వాత అడగక తప్పదు కాబట్టి అడిగింది. "ఇప్పుడెలా ఉన్నారు?"

"పోయాడమ్మా. పోయిన ఏడాది." కండక్టరు ఫారాలు దొంతి చేసి ఇచ్చింది. బస్సు ఖాళీగా ఉంది. ముందు సీటు వెనక ఆనుకుని నిలబడింది. "ఏంటి ఇవి? మీకు కావలసింది డబ్బులా, మనుషులా?"

"మనుషులు."

"ఎందుకు?"

తొమ్మిది రోజులుగా చెబుతున్న మాటలు ఆమె నాలుక చివరే ఉన్నాయి. సేవాభావం, సమాజం పట్ల బాధ్యత, ఇరవై ఆరేళ్ళ చరిత్ర. ఒక్కటీ పైకి రాలేదు. "మేం ఆరుగురం మిగిలాం," అంది. "అలిసిపోయాం. నేనైతే ఈ నెలతో ఆపేద్దామనుకుంటున్నాను. ఆపేస్తే ఆ తోపుడు బండి కూడా ఆగిపోతుంది."

"చివరి పేజీలు లేకపోయినా ఆయనకి అదొక్కటే కాలక్షేపం," అంది కండక్టరు. తర్వాత చెయ్యి చాపింది. "ఒకటి ఇటివ్వండి. ఒకటెందుకు, ఓ పది ఇవ్వండి." తనదొకటి అక్కడికక్కడే నింపి ఇచ్చేసి, పది తన సంచిలో పెట్టుకుంది.

ఆపరేటరమ్మ ఇల్లు చేరాక చెల్లెలికి చెప్పింది. చెల్లెలు, "పేరు అడిగావా?" అంది. అడగలేదు. ఫారం చూస్తే ఉంది గానీ చేతిరాత కోడి గీకినట్టుంది. పేరుకన్నా ముందు ఆమె సంగతి మర్నాడు ఆసుపత్రిలోనే బయటపడింది.

ఆఫీసు గుమాస్తా ఫారం చూసి ఉలిక్కిపడ్డాడు. "ఈవిడా? రైట్ రైట్ గారా?" ఆసుపత్రిలో ఆమెకి పెట్టిన పేరదే. నాలుగు నెలల్లో ఆమె పోట్లాడని విభాగం లేదట. మంచానికి పోట్లాట, ఫ్యానుకి పోట్లాట, మందుల కౌంటర్లో కునికిపాట్లు పడేవాడితో పోట్లాట. మొదటి రోజే ఎమర్జెన్సీ తలుపు అద్దం పగలగొట్టింది. ఫైలు ఇంత మందం ఉంది చూడండని రెండువేళ్ళు ఎడం చేసి చూపించాడు.

హెడ్‌మిస్ట్రెస్ గారు ఫారం బల్లమీద బోర్లించారు. "కుదరదు."

"మేడమ్, తొమ్మిది రోజులు తిరిగితే దొరికింది ఈవిడ ఒక్కతే."

"మనం నలుగురి దగ్గరికీ వెళ్ళి చెయ్యి చాపేవాళ్ళం. మర్యాద ఒక్కటే మన పెట్టుబడి. అద్దాలు పగలగొట్టే మనిషిని వెంటేసుకుని వెళితే ఎవరు గుమ్మం ఎక్కనిస్తారు? సూపరింటెండెంటు గారికి ఏం మొహం చూపించను? ఆవిడ వస్తే నేను రాను. నువ్వే చెప్పేసిరా."

పోస్ట్‌మాస్టరు గుమ్మం బయట ఆమెని ఆపి, "చెల్లెమ్మా, ఫోనులో చెప్పేసెయ్. ఎదురుగా చెప్పడం కష్టం," అన్నాడు. నిజమే. కానీ ఏ కబురు ఫోనులో వింటే ఎలా ఉంటుందో ఆమెకి తెలిసినంత ఆయనకి తెలియదు. ఆమె డిపోకి వెళ్ళింది.

డిపోలో బస్సులు కడిగిన నీళ్ళు నేలంతా పారుతున్నాయి. కండక్టర్లు కూర్చునే గదిలో పొడుగాటి బల్ల, గోడకి డ్యూటీల చార్టు. కండక్టరు ఒక మూల కూర్చుని క్యారేజీ తెరుచుకుంటోంది. ఆపరేటరమ్మని చూసి జరిగి చోటిచ్చింది.

"మంచి టైముకి వచ్చారు. పది ఫారాలూ అయిపోయాయి. ఇంకో పది తెచ్చారా?"

"ఎవరికిచ్చావు?"

"మాతోపాటు ఆసుపత్రి వరండాలో ఉన్నవాళ్ళకి. నాలుగు నెలలు పక్కపక్కన నేలమీద కూర్చున్నాం కదమ్మా, చుట్టాలకన్నా ఎక్కువైపోయాం. హోటల్లో గిన్నెలు కడిగే ఆవిడ ఒకామె, వెల్డింగు పని చేసే అతను, స్కూలు బస్సు డ్రైవరు. కొందరి మనుషులు బతికి ఇంటికెళ్ళారు, కొందరివాళ్ళు పోయారు. అడగ్గానే ఒప్పుకున్నారు. ఇన్నాళ్ళూ మమ్మల్నెవరూ అడగలేదేంటన్నారు."

ఆపరేటరమ్మకి వచ్చిన పని మరింత కష్టమైంది. అయినా చెప్పాలి. చెప్పింది. ఉన్నది ఉన్నట్టు, హెడ్‌మిస్ట్రెస్ గారి మాటలు కాస్త మెత్తన చేసి చెప్పింది.

కండక్టరు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. అరవలేదు. ఆమె అరిస్తే బాగుండునని ఆపరేటరమ్మ అనుకుంది.

"అద్దం పగలగొట్టింది నిజమే," అంది చివరికి. "పది రోజులయ్యాక నా జీతంతో నేనే కొత్తది వేయించాను. అది రాసుకున్నారా ఫైల్లో?"

"తెలీదమ్మా."

"రాసుకోరు." క్యారేజీ మూత పెట్టేసింది. "సరే లెండి. వాళ్ళకి నేను చెప్తాను, వద్దన్నారని. మీరు అంతదూరం వచ్చి చెప్పారు, అది చాలు."

బయట ఒక బస్సు వెనక్కి వస్తుంటే ఎవరో పక్కలు తడుతూ కేకలేస్తున్నారు. ఆపరేటరమ్మ లేవలేదు. ఇరవై ఏళ్ళనుంచి ఆమె ఆ ఆసుపత్రి వరండాలో నడుస్తోంది. నేలమీద కూర్చున్నవాళ్ళ కాళ్ళు తగలకుండా బండి పక్కకి తిప్పుకుని వెళ్ళేది. సభ్యులు కావాలని ఊరంతా తిరిగింది గానీ అక్కడ ఒక్క ఫారం ఇవ్వాలని తోచలేదు. వాళ్ళు సాయం అందుకునేవాళ్ళనుకుంది.

"ఆదివారం నాలుగింటికి," అంది. "అందర్నీ తీసుకురా."

"మరి పెద్దావిడ?"

"నేను మాట్లాడతాను. లేకపోతే లేదు. ఏమైతే అది అవుతుంది. నువ్వు ముందు అన్నం తిను."

మాట్లాడతానందే గానీ మాట్లాడలేదు. రెండుసార్లు హెడ్‌మిస్ట్రెస్ గారి ఇంటిదాకా వెళ్ళి వెనక్కొచ్చింది. శనివారం ఫోను చేసి, "మేడమ్, వాళ్ళొస్తున్నారు," అని ఒక్క ముక్క చెప్పింది. అటునుంచి లైను తెగింది.

ఆదివారం పోస్ట్‌మాస్టరు ఈసారి పదిహేను కుర్చీలే వేశాడు. మూడున్నరకే హెడ్‌మిస్ట్రెస్ గారు వచ్చేశారు. అందరూ ఆవిడ మొహం వంక చూశారు. "గది తాళంచెవి నా దగ్గరే ఉంది కదా," అన్నారావిడ ఎవరి వంకా చూడకుండా. తీరా చూస్తే గది తెరిచే ఉంది. స్టోరు మనిషి దగ్గర ఇంకో తాళంచెవి ఉన్న సంగతి ఆవిడకి తెలియనిదేం కాదు.

నాలుగింటికి వాళ్ళొచ్చారు. పదకొండు మంది. ముందు కండక్టరు, యూనిఫాంలోనే, డ్యూటీ దిగి నేరుగా. వెనక హోటల్లో గిన్నెలు కడిగే ఆవిడ, నీళ్ళలో నాని తెల్లబడ్డ వేళ్ళతో. వెల్డింగతను చొక్కానిండా నిప్పురవ్వల చిల్లులతో. కొందరు గుమ్మం దగ్గర చెప్పులు విప్పారు, మరి కొందరు విప్పాలా వద్దా అని ఆగిపోయారు. అందరూ వెనక వరసలోనే సర్దుకుని కూర్చున్నారు. ముందు రెండు వరసలూ ఖాళీ.

హెడ్‌మిస్ట్రెస్ గారు కళ్ళజోడు సవరించుకుని స్వాగతోపన్యాసం అందుకున్నారు. మొన్నటిదే. మండలి స్థాపన, ఆశయాలు, ఇంతవరకూ చేసిన సేవలు. రెండో పేజీ తిప్పేసరికి గుర్రు వినపడింది. గిన్నెలు కడిగే ఆవిడ గోడకి తల ఆనించి నిద్రపోతోంది. పక్కనున్నామె మోచేత్తో పొడవబోయింది.

"లేపకు," అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు.

క్లాసులో నిద్రపోయిన పిల్లని ఆవిడ క్షమించిన దాఖలా ఊళ్ళో లేదు. పోస్ట్‌మాస్టరు నోరు తెరిచి చూశాడు. ఆవిడ కాగితాలు కిందపెట్టి, కళ్ళజోడు తీసి, కండక్టరు వైపు చూశారు.

"ఆ అద్దం సంగతి నాకు చెప్పు. గుమాస్తా చెప్పింది విన్నాను. నీ నోటితో వినలేదు."

కండక్టరు లేచి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మధ్యాహ్నం రెండింటికండీ. మా ఆయన నా బస్సులోనే పడిపోయాడు. డ్రైవరు జనాన్ని దింపేసి బస్సు నేరుగా ఇక్కడికే తిప్పాడు. ఎమర్జెన్సీ తలుపుకి లోపల గడియ పెట్టి ఉంది. పక్క గేటునుంచి రండి అని కాగితం అంటించారు. పక్క గేటు ఎక్కడో రాయలేదు. ఆయన్ని మెట్లమీద పడుకోబెట్టాను. తట్టాను, పిలిచాను. లోపలినుంచి ఒకతను నన్ను చూశాడు. చూసి, అటు వెళ్ళు అని చెయ్యి ఊపాడు. అటంటే ఎటు? ఇంక ఆగలేకపోయాను. టికెట్ల మిషనుతో కొట్టాను."

"మిషనుకేం కాలేదా?" అన్నాడు పోస్ట్‌మాస్టరు ఉండబట్టలేక.

"ఏం కాలేదండీ. ఇప్పటికీ దానితోనే కొడుతున్నా, టికెట్లు."

వెనకనించి ఎవరో నవ్వారు. హెడ్‌మిస్ట్రెస్ గారు నవ్వలేదు. బల్ల అంచు పట్టుకుని కూర్చున్నారు.

"మా తమ్ముణ్ణి కూడా ఆ తలుపు దగ్గరికే తెచ్చాను," అన్నారు. "ఇరవై ఏడేళ్ళవుతుంది. అప్పుడూ లోపల గడియే. నేనూ తట్టాను. గట్టిగా తట్టానో లేదో ఇప్పటికీ నాకు తెలీదు. ఏడొందల మంది పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టేదాన్ని. ఆ రోజు నోరు పెగల్లేదు. నలుగురిలో అరిస్తే బాగుండదేమో, లోపల ఎవరో పనిలో ఉన్నారేమో అనుకున్నాను. అలా నిలబడ్డాను. వాళ్ళంతట వాళ్ళే వచ్చి తీశారు. వాడు దక్కలేదు. ఎంతసేపయిందో నేను గడియారం చూసుకోలేదు."

ఆపరేటరమ్మ ఇరవై ఏళ్ళుగా ఆవిడ పక్కన కూర్చుంటోంది. కరపత్రంలో ఉండే మాట ఆమెకి కంఠతా వచ్చు. సోదరునికి ఈ ఆసుపత్రిలో అందిన సేవలకు కృతజ్ఞతగా మండలిని స్థాపించారు అని. ఆ వాక్యాన్ని ఆమె స్వయంగా ప్రూఫు దిద్దింది.

గదిలో గిన్నెలు కడిగే ఆవిడ గుర్రు ఒక్కటే వినిపిస్తోంది. కండక్టరు ముందు వరసలోకి వచ్చి, ఖాళీ కుర్చీ ఒకటి హెడ్‌మిస్ట్రెస్ గారి పక్కకి లాక్కుని కూర్చుంది.

కాసేపటికి హెడ్‌మిస్ట్రెస్ గారే తేరుకున్నారు. "టీ చల్లారిపోతుంది, అందరికీ ఇవ్వండి," అని అక్కాచెల్లెళ్ళని కసిరారు. ఆ తర్వాత ఉపన్యాసం జోలికి పోలేదు. ఫారాలు ముందేసుకుని ఒక్కొక్కరినీ పిలిచి ఏం చెయ్యగలరో అడిగి రాసుకున్నారు. డబ్బివ్వలేమని ముందే చెప్పేసిన వెల్డింగతను, "విరిగిన చక్రాల కుర్చీలుంటే చూపించండి, అతికిస్తాను," అన్నాడు. స్కూలు బస్సు డ్రైవరు సెలవుల్లో తోపుడు బండి తిప్పుతానన్నాడు. గిన్నెలు కడిగే ఆవిడని చివర్లో లేపారు. ఆవిడ ఉలిక్కిపడి లేచి, "చేరానా?" అని అడిగింది. చేరావన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు.

అక్కడనుంచి అంతా సవ్యంగా సాగిందని చెప్పలేం. కండక్టరుకీ హెడ్‌మిస్ట్రెస్ గారికీ ప్రతి సమావేశంలోనూ పేచీయే. ఒకావిడ ఏదైనా తీర్మానం రాసి తీరాలంటుంది, ఇంకొకామె రాసేలోపు పని అయిపోతుందంటుంది. ఈ గోల భరించలేక అక్కాచెల్లెళ్ళు మానేశారు, టోపీలు మాత్రం అల్లి పంపిస్తున్నారు. పదకొండు మందిలో నలుగురు మూడు నెలలు తిరక్కుండానే చల్లగా జారుకున్నారు. కండక్టరు వాళ్ళమీద నిప్పులు చెరిగితే, "పొద్దంతా ఒళ్ళు హూనం చేసుకునేవాళ్ళమ్మా, వచ్చినన్నాళ్ళు వచ్చారు," అని ఆపరేటరమ్మ సర్దిచెప్పింది.

కానీ డిపో బస్సులన్నిటిలోనూ మండలి హుండీలు వెలిశాయి. కండక్టర్లందరికీ చెయ్యి చాపి అడగడం రోజూ చేసే పనే కాబట్టి మొహమాటం లేదు. ఆ వచ్చినదానితో ముందుగా ఏం కొనాలనే ప్రశ్న వచ్చినప్పుడు, ఏళ్ళతరబడి తను కలలు కంటున్న పెద్ద స్కానింగు యంత్రం పేరు హెడ్‌మిస్ట్రెస్ గారు ఎత్తలేదు. ఎమర్జెన్సీ తలుపుకి ఒక బెల్లు, మెట్ల దగ్గర ఎప్పుడూ ఉండేలా రెండు చక్రాల స్ట్రెచర్లు, పక్క గేటుకి దారి చూపే బోర్డు అన్నారు. సూపరింటెండెంటు గారు కొంచెం గొణిగారు. బెల్లు ఎవరు పడితే వాళ్ళు కొడతారన్నారు. కొట్టడానికే కదండీ అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు. ఆయన భార్య కూడా ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లే. సంతకం పెట్టి ఇచ్చేశారు.

బెల్లు బిగించిన వారం ఆపరేటరమ్మ కార్యదర్శి పని కండక్టరుకి అప్పగించింది. రిజిస్టర్లు, రబ్బరు స్టాంపు, మిగిలిన ఫారాలు ఒక అట్టపెట్టెలో పెట్టి ఇచ్చేసింది.

"పూర్తిగా మానేస్తున్నారా?" అంది కండక్టరు.

"లేదమ్మా. సభ్యురాలిగా ఉంటాను. ఇప్పటికి మూడు వారాలు నన్ను వదిలెయ్. పడుకోవాలి."

నిజంగానే పడుకుంది. మధ్యాహ్నాలు కిటికీ తెర వేసుకుని, చెల్లెలి మిషను చప్పుడు వింటూ. మొదటి వారం ఎవరైనా ఏదైనా అడగడానికి వస్తారేమో, స్టాంపు ప్యాడు ఎక్కడుందనైనా అడుగుతారేమో అనుకుంది. ఎవరూ రాలేదు. రెండో వారం చెల్లెలే బయటినుంచి వస్తూ, ఆదివారం సమావేశానికి ఇంకో ఇద్దరు కొత్తవాళ్ళు వచ్చారట అని చెప్పింది. "నువ్వు లేకపోయినా జరిగిపోతోందక్కా," అంది, మంచి మాట చెబుతున్నాననుకుని.

"మంచిదేగా," అంది ఆపరేటరమ్మ.

అటు తిరిగి పడుకుంది. ఎక్కడో కాస్త చివుక్కుమంది, కాదనడానికి లేదు. ఇరవై ఏళ్ళు మోసిన బరువు దించితే భుజం ఇంత తేలిగ్గా ఉంటుందనీ, ఆ తేలికే ఇలా గుచ్చుకుంటుందనీ ఆమెకి తెలియదు. దాన్ని గురించి ఇంకాస్త ఆలోచిద్దామనుకుంది. ఈలోగా నిద్ర పట్టేసింది.